తల దగ్గర కుర్చీ

నేలమాళిగలో మంచానికి దుప్పటి మారుస్తుంటే మా అత్తగారు ఆర్డిత్ మెట్ల మీద నిలబడి అడిగింది.

"ఆ పిల్ల అందంగా ఉంటుందా?"

"ఏ పిల్ల?" అన్నాను తెలియనట్టు.

"ఏ పిల్లేంటి? ఎవరి కోసం ఆ దిండుకి కొత్త గలీబు తొడుగుతున్నావో ఆ పిల్ల."

"నేనింకా చూడలేదమ్మా. కర్ట్ దగ్గర పని నేర్చుకోవడానికి వస్తోంది. ఆసుపత్రి వాళ్ల గది ఖాళీ లేదట. నెల రోజులే కదా, మనింట్లో ఉంచుకుందాం అన్నాడు."

"వాడు అన్నాడు, నువ్వు సరేనన్నావు." ఆర్డిత్ గట్టిగా నిట్టూర్చింది. మోకాళ్ల నొప్పితో ఆవిడ కిందికి దిగదు. ఏం చెప్పాలన్నా మెట్ల మీది నుంచే చెబుతుంది. "పడుచుపిల్లని తెచ్చి ఇంట్లో పెట్టుకుని వండి పెడతావా? కొరివితో తల గోక్కోవడమంటే ఇదే జనెల్. నేనైతే ఆ పిల్లని పాస్టరు గారింట్లో పెట్టమనేదాన్ని. ఆయనకి డెబ్బై దాటాయి, భార్యకి చెవులు బాగా పనిచేస్తాయి."

నాకు నవ్వొచ్చింది. మంచం నాలుగు మూలలా దుప్పటి లాగి బిగించాను. ఆసుపత్రి మంచానికి బిగించినట్టే, ముడత లేకుండా. చేతులకి ఆ అలవాటు ఇంకా పోలేదు.

మా ఊరి ఆసుపత్రిలో మత్తిచ్చే డాక్టరు లేడు. నెబ్రాస్కాలో మా వంటి చిన్న ఊళ్లకి అలాంటి డాక్టర్లు రారు. మత్తిచ్చేది మా ఆయన. కర్ట్ మొదట నాలాగే నర్సు. ఆ తర్వాత మత్తు చదువు చదివాడు. నగరం నుంచి సర్జన్ వారానికి రెండుసార్లు వచ్చి కోస్తాడు, కుడతాడు, వెళ్లిపోతాడు. మనిషి తల దగ్గర కుర్చీ వేసుకుని, ఆ మనిషి ఊపిరిని తన చేతుల్లో పెట్టుకుని, మళ్లీ ఆ మనిషికే అప్పగించేది కర్ట్. ఊళ్లో వాళ్లు "డాక్టర్" అని పిలుస్తారు. "కాదండీ, నర్సునే" అంటాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఎవరూ నమ్మరు. నేను క్లినిక్‌లో పిల్లల బరువు చూస్తాను, టీకాలు వేస్తాను. నన్ను కూడా నర్సనే అంటారు, నవ్వకుండా. నేను మూడు నెలలు నిలబడి సంపాదించేది అతను ఒక్క నెలలో కూర్చుని సంపాదిస్తాడు.

డబ్బు సంగతి వస్తే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆన్ కాల్ ఉన్నందుకు అతనికి వేరే డబ్బిస్తారు. ఎవరికి నొప్పులు మొదలైనా, ఏ రైతు చెయ్యి యంత్రంలో పడినా ఫోనొస్తుంది. కర్ట్ బూట్లు వేసుకుని వెళ్లిపోతాడు. పొయ్యి మీద ఏముందో, స్నానాల తొట్టిలో ఏ పిల్ల ఉందో, ఆదివారం బడికి ఎవరు తీసుకెళ్లాలో చూడనక్కర్లేదు. నేనున్నాను కదా. నేనుంటేనే అతను అలా వెళ్లగలడు. నేను ఊరు దాటి వెళ్లకూడదు, సినిమాకి వెళ్లకూడదు, జ్వరం తెచ్చుకోకూడదు. ఆన్ కాల్ ఇద్దరం ఉంటాం. చెక్కు ఒక్కరికే వస్తుంది.

ఆ చదువు సంగతి కర్ట్‌కి మొదట చెప్పింది నేనే. అప్పుడు ఇద్దరం లింకన్‌లో ఐసీయూ నర్సులం. ఒకరోజు మా వార్డులోని ముసలాయన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్లడానికి ఒకావిడ వచ్చింది. పొట్టిగా, పెద్ద కళ్లద్దాలు పెట్టుకుని ఉంది. ముసలాయన దవడ కింద రెండు వేళ్లు పెట్టి కాస్త పైకెత్తింది. అంతే, అప్పటిదాకా గురగురలాడుతున్న ఊపిరి సాఫీ అయింది. "డాక్టరమ్మా?" అని అడిగాను. "కాదమ్మాయ్, నీలాంటి నర్సునే. చదువుకున్నాను" అంది. ఇంటికి పరిగెత్తినట్టు వెళ్లి కర్ట్‌కి చెప్పాను. అన్నం కూడా తినలేదు. అలాంటి చదువొకటి ఉందని అతనికి నా నోటి ద్వారానే తెలిసింది.

ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఇద్దరినీ తీసుకున్నారు. అయితే ఆ చదువు చదివినన్నాళ్లూ ఉద్యోగం చేయకూడదు. ఇద్దరిలో ఒకరు సంపాదించాలి. అప్పటికి నా కడుపులో ఆడ్రీ ఉంది.

"ముందు నేను వెళ్తాను జెన్," అన్నాడు కర్ట్, నా పాదాలు ఒళ్లో పెట్టుకుని ఒత్తుతూ. "నీకు పురుడు, పాలు, అన్నీ అయ్యేసరికి నాది అయిపోతుంది. అప్పుడు నీ వంతు. మాట."

మంచి మాటే. నేను ఐసీయూలో పనిచేసి ఇల్లు నడిపాను. అతని పరీక్షలకి నేనే ప్రశ్నలు అడిగి చదివించేదాన్ని. ఒక చేత్తో పిల్లకి పాలు పడుతూ ఇంకో చేత్తో పుస్తకం పట్టుకునేదాన్ని. అతను నిద్రపోయాక కూడా చదివేదాన్ని, తర్వాత ఎలాగూ నాకు కావాలి కదా అని. చదువు అవగానే ఈ ఊళ్లో ఉద్యోగం వచ్చింది. మంచి జీతం, చేరినందుకు పైన కొంత డబ్బు, వాళ్ల అమ్మ ఉన్న ఊరు. వచ్చేశాం.

ఆ స్కూళ్లకి ఒక నియమం ఉంది. నిన్నమొన్నటి దాకా ఐసీయూలో పనిచేస్తూ ఉండాలి. ఎప్పుడో చేసింది చెల్లదు. మా ఊళ్లో ఐసీయూ లేదు. సామాను లారీలోకి ఎక్కించిన రోజునే నా వంతుకి గడువు తీరడం మొదలైంది. అది నాకు అప్పుడు తట్టలేదు. కర్ట్‌కి తట్టిందో లేదో ఈరోజుకీ తెలియదు. తర్వాత పైపర్ పుట్టింది. తర్వాత ఆ చదువుని డాక్టరేటు చేశారు, ఇంకా పొడుగయింది. నేను అడిగినప్పుడల్లా అతనికి ఒకే జవాబు. "ఆసుపత్రి వాళ్లు ఎప్పటికైనా రెండో మనిషిని పెట్టుకోవాలి జెన్. ఆ పోస్టు నీదే. నువ్వూ నేనూ పక్కపక్క గదుల్లో. ఎంత బాగుంటుందో చూడు." నిజంగానే చూశాను. గిన్నెలు తోముతూ, పిల్లల జుట్టుకి జడలేస్తూ, ఎన్నిసార్లు చూశానో.

షెల్బీ ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ఒకే బ్యాగు, పాత కారు, ముప్ఫై ఏళ్లు కూడా లేవు. అందంగానే ఉంది. మా అత్తగారు కిటికీ తెర పక్కకి తీసి ఒకసారి చూసి "ఊఁ" అంది. ఆ "ఊఁ"లో వంద మాటలున్నాయి.

ఆ పిల్లని ద్వేషించగలిగితే నా పని సులువయ్యేది. తన కంచం తనే కడుక్కునేది. పైపర్‌తో చదరంగం ఆడి నిజంగానే ఓడిపోయేది. నేను చేసిన క్యాబేజీ బన్నులు రెండేసి తిని, "జనెల్, ఇవి మీరు అమ్మితే నేను చదువు మానేసి మీ దుకాణంలో చేరతాను" అనేది. సాయంత్రం భోజనాల దగ్గర కర్ట్, ఆమె ఆ రోజు కేసులు చెప్పుకునేవాళ్లు. ఎవరి మెడ పొట్టిది, ఎవరి గుండె లయ తప్పింది, ఏ మందు ఎంత తగ్గించారు. కర్ట్ ప్రశ్న వేస్తాడు. ఆమె ఆలోచించి చెబుతుంది. కొన్ని జవాబులు నాకూ తెలుసు. కొన్ని ఒకప్పుడు తెలుసు. కొన్ని మందుల పేర్లు నేనెప్పుడూ వినలేదు. ఆ మూడో రకం వచ్చినప్పుడు నా లోపల ఏదో గిన్నె అడుగంటిన వాసన వచ్చేది. నేను చదువు ఆపిన చోటునుంచి లోకం ఎంత దూరం వెళ్లిపోయిందో ఆ పేర్లు చెప్పేవి.

"జెన్, ఆ గ్రేవీ ఇటివ్వు," అనేవాడు కర్ట్ నా వైపు చూడకుండా. ఇచ్చేదాన్ని.

ఒకసారి గిన్నెలు తుడుస్తూ షెల్బీని అడిగాను, "మూడేళ్లు సంపాదన లేకుండా ఎలా నడుస్తోంది?"

"జోష్ ఉన్నాడుగా," అంది. జోష్ ఆమెతో కలిసి ఉంటున్న అబ్బాయి. "గోదాములో పనిచేస్తున్నాడు. అద్దె, తిండి, అన్నీ అతనే. అతనికి గుర్రాలకి నాడాలు కొట్టే పని నేర్చుకోవాలని ఉంది. దానికో స్కూలుంది. నాది అయ్యాక అతని వంతు. మాటిచ్చాను."

తుడుస్తున్న గ్లాసు నా చేతిలో ఆగిపోయింది. ఈ పిల్ల కోసం ఒక మగవాడు తన వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. నాకు ఆ క్షణాన ఆమె చదువు మీద కన్నా ఆ జోష్ మీద ఎక్కువ కుళ్లు పుట్టింది. అతన్ని ఆమె మోసం చేస్తుందేమో అని ఒక ఆలోచన వచ్చింది, చేస్తే బాగుండునని ఇంకొకటి వచ్చింది. అప్పుడు తప్పు కర్ట్‌ది కాకుండా ఆ చదువుది అవుతుంది కదా. గ్లాసు అలమరలో పెట్టేశాను.

ఆసుపత్రిలో పాతబడిన ప్లాస్టిక్ తల ఒకటి ఉంటే కర్ట్ ఇంటికి తెచ్చి నేలమాళిగలో బల్ల మీద పెట్టాడు. గొంతులోకి గొట్టం వేయడం దాని మీద నేర్చుకుంటారు. నోరు తెరిచి, వెలుగున్న పనిముట్టుతో నాలుకని పక్కకి నెట్టి, లోపల దారి చూసి గొట్టం దించాలి. పనిముట్టుని పై పళ్ల మీద ఆనించి నొక్కితే ఆ తల "టక్" అంటుంది. అసలు మనిషైతే పన్ను విరిగినట్టు లెక్క. బట్టలు ఉతికే యంత్రం కూడా అక్కడే ఉంది. రోజూ బుట్ట పట్టుకుని దిగినప్పుడల్లా ఆ తల నోరు తెరుచుకుని నన్ను చూసేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. యంత్రంలో దుప్పట్లు వేసి, చేతులు తుడుచుకుని, పనిముట్టు ఎడమ చేత్తో తీసుకున్నాను. ఐసీయూలో ఇది నా కళ్లముందు ఎన్నిసార్లు చేశారో. నేను పక్కన నిలబడి గొట్టం అందించేదాన్ని. చూసింది కదా, వచ్చేస్తుందనుకున్నాను. టక్. ఇంకోసారి. టక్. చెమట పట్టింది. టక్. పాపం, ఆ ప్లాస్టిక్ మనిషికి అప్పటికే ముందు పళ్లన్నీ రాలగొట్టాను.

"వంచకూడదు. ఎత్తాలి," అంది వెనక నుంచి షెల్బీ.

నేను దొంగలా పనిముట్టు కింద పెట్టేశాను. "బట్టలు వేస్తూ ఊరికే..."

"తీయండి, తీయండి. నేను మొదటి నెలంతా ఇంతే. మా మాస్టారు నన్ను పళ్ల డాక్టర్ల ఏజెంటువా అనేవారు." నా వెనక నిలబడి నా ముంజేతిని పట్టుకుంది. "మణికట్టు కదలకూడదు. మూల దగ్గర గోడకీ పైకప్పుకీ మధ్య గీత ఉంది చూశారా? దానివైపు మొత్తం చెయ్యి ఎత్తండి. ఆఁ. ఇప్పుడు లోపల చూడండి."

చూశాను. చిన్న తెల్లటి గుమ్మం, తలుపులు తెరిచి ఉన్నాయి. గొట్టం మెల్లగా దించాను. టక్ అనలేదు. షెల్బీ గాలి సంచి నొక్కితే ప్లాస్టిక్ ఊపిరితిత్తులు రెండూ సమానంగా లేచాయి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు కూడా నా చేతులు నావని అంత గట్టిగా అనిపించలేదు.

"చెయ్యి తిరిగినవాళ్లలా ఉన్నారే!" అని షెల్బీ చప్పట్లు కొట్టింది. "ఇక రోజూ మీతో చేయిస్తాను. ఈ నెలే కాదు, తర్వాత కూడా. నేనెలాగూ ఇక్కడికే వస్తున్నానుగా."

"ఇక్కడికా?"

"కర్ట్ చెప్పలేదా? వచ్చే ఏడు ఆసుపత్రిలో రెండో పోస్టు తీస్తున్నారట. నా చదువు అయ్యేసరికి సరిగ్గా సరిపోతుంది. బోర్డు వాళ్లకి నా గురించి చెప్పానన్నాడు. ఇంత జీతం ఒమాహాలో కూడా ఇవ్వరు, తెలుసా? అక్కడైతే నెత్తిన డాక్టరుంటాడు, ఇక్కడ నా గదికి నేనే రాణిని." ఆమె ముఖం దీపంలా ఉంది. దాచిపెట్టడం తెలియని పిల్ల.

పైన తలుపు చప్పుడైంది. కర్ట్ మెట్లు దిగి వచ్చాడు. బల్ల దగ్గర ఇద్దరినీ, నా చేతిలో పనిముట్టునీ చూశాడు.

"ఏంటి జెన్, పిల్లల ఆటా?" అని నవ్వాడు. "దుప్పట్లు ఆరాయా?"

ఆరలేదు. ఉతికే యంత్రంలోంచి తీసి ఆరబెట్టే యంత్రంలో వేశాను. నా ముంజేతి మీద షెల్బీ పట్టుకున్న చోటు ఇంకా వెచ్చగా ఉంది. అది చాలా బాగుంది, భరించలేకుండా ఉంది.

ఆ వారం నేను పెద్దగా మాట్లాడలేదు. ఊరు మాత్రం మాట్లాడింది. చర్చిలో మిరపకారం కూర, దాల్చిన చెక్క రొట్టెల విందు జరిగింది. నేను రొట్టెల దగ్గర నిలబడి వడ్డిస్తున్నాను. కర్ట్, షెల్బీ ఒక బల్ల దగ్గర కూర్చుని తలలు దగ్గరపెట్టి ఏదో మాట్లాడుకుంటున్నారు. కాగితం రుమాలు మీద అతను గుండె బొమ్మ వేసి చూపిస్తున్నాడు. దూరం నుంచి చూసేవాళ్లకి గుండె బొమ్మ గుండె బొమ్మే.

ఆర్డిత్ తన స్నేహితురాలు వెర్లాని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో," అంది వెర్లా నా చెయ్యి పట్టుకుని. "తల్లీ, మేం ఆడవాళ్లం, మాకు తెలీదా? మా ఆయన కూడా ఒకప్పుడు కోళ్ల దాణా అమ్మే పిల్లతో ఇలాగే నవ్వేవాడు. మాకు కోళ్లే లేవు."

"నేను ముందే చెప్పాను," అంది ఆర్డిత్. "వాడితో నేను మాట్లాడతాను. నా కొడుకే, వాడి చెవి ఎక్కడుందో నాకు తెలుసు."

కాదని చెప్పవలసింది. మొగుడి గురించి కుళ్లుకునే పెళ్లానికి మా ఊళ్లో చోటుంది. పక్కన కూర్చుంటారు, చెయ్యి నిమురుతారు, ఇంకో రొట్టె పెడతారు. ఆ కుర్చీ కోసం, ఆ పనిముట్టు కోసం, ఆ జీతం కోసం కుళ్లుకునే ఆడదానికి ఏం పెడతారు? నేను వాళ్ల ఓదార్పు తీసుకున్నాను. రొట్టె కూడా తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం షెల్బీ పిల్లల్ని పార్కుకి తీసుకెళ్లింది. నేను చర్చి నుంచి తెచ్చిన పెద్ద గిన్నె రుద్దుతున్నాను. కర్ట్ వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. పెదవుల చివర ఒక నవ్వు దాగి ఉంది.

"అమ్మ నన్ను కడిగేసింది," అన్నాడు. "నీకు షెల్బీ మీద అసూయట."

"అవును," అన్నాను.

అతని చెవులు ఎర్రబడ్డాయి. సంతోషించాడు. పెళ్లయి ఇన్నేళ్లయ్యాక తన కోసం ఒక ఆడది మండిపడుతోందంటే ఏ మగవాడికి చేదు? దగ్గరికి వచ్చి, నా చేతులు సబ్బులో ఉండగానే నా నడుం పట్టుకున్నాడు. "పిచ్చిమొహమా. అది నా ముందు పసిపిల్ల. కావాలంటే రేపే వేరే చోట ఉండమని చెబుతాను. నాకు నువ్వు తప్ప..."

"నీ గురించి కాదు కర్ట్."

"మరి?"

"రెండో పోస్టు ఆ పిల్లకి ఇప్పిస్తానన్నావట."

చేతులు నా నడుం మీద ఉన్నాయి గానీ బరువు పోయింది. "ఇంకా ఏదీ తేలలేదు. బోర్డు వాళ్లు చూడాలి."

"అది నాదన్నావు."

"ఎప్పుడో అన్నాను జెన్."

"ఆ ఎప్పుడో మీదే ఇన్నాళ్లు బతికాను నేను."

అతను వెనక్కి జరిగి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రోగులకి చెప్పేటప్పటి మెత్తటి గొంతు తెచ్చుకున్నాడు. "నిజం మాట్లాడుకుందాం. నువ్వు ఐసీయూ వదిలి ఎంతకాలమైంది? ఏ స్కూలు తీసుకుంటుంది? నలభై దాటాయి. ఇప్పుడు డాక్టరేటంటే మనం మళ్లీ మూడేళ్లు... ఎందుకు చెప్పు? మనకేం లోటు? అయినా నిన్నెవరూ మానమనలేదు కదా."

నిజమే. నన్నెవరూ మానమనలేదు. గిన్నె అడుగు రుద్దుతూ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడైనా అబద్ధం దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఊరు మారుదామన్నాడు, మానమనలేదు. తను ఆన్ కాల్ కదా అన్నాడు, మానమనలేదు. పైపర్‌కి అమ్మ కావాలి అన్నాడు, మానమనలేదు. ఇంతమంది ఇంత మంచిగా మాట్లాడి నన్ను ఇంత దూరం తీసుకొచ్చారు.

"నీకేం లోటు లేదు," అన్నాను. "నాకుంది."

"అంటే నన్ను చూసి కూడా కుళ్లుకుంటున్నావా?"

"నువ్వు పనికి వెళ్లిన ప్రతి పొద్దునా."

అతని ముఖం చూడలేకపోయాను. వేరే ఆడదాని దగ్గరికి వెళ్లి దొరికిపోయినా అంత నొచ్చుకునేవాడు కాదేమో. తన కోసం కాదు, తను కూర్చునే చోటు కోసం ఈ మనిషి మండుతోందని తెలియడం మగవాడికి కొత్త. లేచి వెళ్లి గరాజులో చాలాసేపు ఏదో సర్దాడు.

మర్నాడు క్లినిక్ భోజన విరామంలో కారులో కూర్చుని లింకన్‌కి ఫోన్ చేశాను. నాతో కలిసి పనిచేసిన బెవ్ ఇప్పుడు అక్కడి ఐసీయూకి పెద్ద నర్సు. శుక్ర, శని, ఆదివారాలు చేసేవాళ్లు దొరక్క చస్తున్నామంది. "కొత్త పిల్లల పక్కన నిలబడి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి జనెల్. నీకన్నా చాలా చిన్నవాళ్లు నిన్ను సరిదిద్దుతారు. ఫరవాలేదా?" ఈమధ్యే అలవాటైందని చెప్పాను. వచ్చే వారం నుంచి రమ్మంది. లింకన్‌లో మా అక్క ఇంటి సోఫా ఉంది. ఒక ఏడాది అలా చేస్తే దరఖాస్తు చెల్లుతుంది. తీసుకుంటారో లేదో ఎవరూ మాటివ్వరు. మాటలతో నాకు పనీ లేదు.

రాత్రి భోజనాలయ్యాక పిల్లల ముందే చెప్పాను. ఆడ్రీ "మరి నా బాస్కెట్‌బాల్?" అంది. "నాన్న తీసుకెళ్తాడు" అన్నాను. కర్ట్ చెంచా కింద పెట్టాడు.

"వారాంతాల్లో నేను ఆన్ కాల్!"

"తెలుసు."

"నాకు ఫోనొస్తే? పిల్లల్ని ఎవరు చూస్తారు?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అతని నోట వినడం అదే మొదటిసారి. నేను మాత్రం దాన్ని రోజూ, పళ్లు తోముకుంటూ కూడా, నన్ను నేను అడిగేదాన్ని.

"నాకు తెలీదు కర్ట్. ఆన్ కాల్ డబ్బు తీసుకునేవాళ్లు ఆలోచించుకోవాలి."

"ఆ వారాంతాలు వదులుకోవాల్సి వస్తుంది. నువ్వక్కడ సంపాదించేది దానికి సరిపోదు, అర్థమవుతోందా?"

"సరిపోదు. లెక్క నాకూ తెలుసు."

షెల్బీ తన కంచం వైపే చూస్తోంది. తర్వాత నేలమాళిగలో, నేను బట్టలు మడతపెడుతుంటే పక్కకి వచ్చి నిలబడింది. "ఆ పోస్టు మీదని నాకు తెలీదు జనెల్. నిజంగా."

"నీకెలా తెలుస్తుంది? అది నాదని నాక్కూడా అతను చెబితేనే కదా తెలిసింది." ఆమె మేజోళ్లు ఆమె చేతికిచ్చాను. "నాకంటే ముందే నువ్వు చేరతావు. నిన్ను చూస్తే నా కడుపు మండుతుంది షెల్బీ. నువ్వు మంచిదానివి కాబట్టి ఇంకా మండుతుంది. తీసుకో ఆ పోస్టు. జోష్‌కిచ్చిన మాట మాత్రం తప్పకు."

ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు. తువ్వాళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి.

సంగతి తెలిసి ఆర్డిత్ తెల్లారేసరికి మా గుమ్మంలో ఊడిపడింది. "ఇదెక్కడి తెలివే? ఆ పిల్లని పంపించి నువ్వుండాలి గానీ, నువ్వెళ్లి ఆ పిల్లని ఉంచడమేంటే? ఇంటికి తాళం వేసి తాళంచెవి దొంగకిచ్చినట్టు!"

"దొంగకి మీ అబ్బాయితో పనిలేదమ్మా."

"నీకు?"

"నాకుంది. శనివారాలు పిల్లల్ని చూడాలి కదా."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. మా మామగారు పోయాక పొలం అంతా తనే చూసుకున్న మనిషి. అమ్మేటప్పుడు కాగితం మీద సంతకం మాత్రం కొడుకుది. కాఫీ అడిగింది.

ఆ ఆదివారం అందరం కలిసి చర్చికి వెళ్లాం. తర్వాతి ఆదివారం నుంచి నేనుండను. ఒకే బెంచీ మీద వరసగా కర్ట్, పిల్లలు, షెల్బీ, నేను, మా అత్తగారు. పాస్టరు గారు లేచి, "మన పాపాలను ఎవరికి వారు మౌనంగా దేవుడి ముందు ఒప్పుకుందాం" అన్నారు. తలలన్నీ వంగాయి. ఆ మౌనంలో ఆర్డిత్ మోచేత్తో నన్ను పొడిచి, నా చెవిలో, తన లెక్కన గుసగుసగా, వెనక రెండు వరసలకి వినపడేలా అంది, "నీ కుళ్లుబోతుతనం సంగతి అడుగు. ఆయన తీసేస్తాడు."

తల వంచాను. తండ్రీ, విసుక్కున్నందుకు క్షమించు. రొట్టె కోసం అబద్ధంలో కూర్చున్నందుకు క్షమించు. ఆ పిల్లాడు జోష్ మోసపోవాలని కోరుకున్నందుకు క్షమించు. అసూయ జోలికి మాత్రం రాకు. నేను ఆ కుర్చీ చేరేదాకా నాకు దాంతో పనుంది.